పన్నెండో బోల్టు

టవర్ క్రేను ఎక్కే ముందు ప్రతి ఉదయం పది నిమిషాలు హెడ్‌సెట్ పెట్టుకుని, అందులో కనబడే ఉత్తుత్తి క్రేనును నడిపి చూపించాలి. తెర మీద పచ్చ గుర్తు పడితేనే నిచ్చెన ఎక్కనిస్తారు. ఆ వేళ చిన్నక్క తలకు తగిలించుకోగానే కంప్యూటర్ "హెడ్‌సెట్ కనబడలేదు" అంది.

మరమ్మతుల బాబాయి వైరు పీకి పెట్టాడు, ఇంకో రంధ్రంలో గుచ్చాడు, ప్రోగ్రామ్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. చివరికి అన్ని రోగాలకూ ఒకటే మందని కంప్యూటర్‌ను ఆపి వెలిగించాడు. తన బట్టతలకు పెట్టుకుంటే బుద్ధిగా పనిచేసింది. ఆమెకు పెడితే మళ్లీ అదే పాట. తీరా చూస్తే ఆమె చేతులు మణికట్టు దాకా లేవు. తల మీది హెడ్‌సెట్ పలచబడి వెనక గోడ కనబడుతోంది.

అందులో వింతేమీ లేదు. చిన్నక్క తల్లి తరఫు వాళ్లంతా భయపడితే కనబడకుండా పోతారు, ఒంటి మీద ఉన్నవాటితో సహా. చిన్నప్పుడు ఉరిమితే చాలు, వాళ్లమ్మ ఇల్లంతా తడుముకుంటూ వెతికేది. విసిగిపోయి కూతురి నడుముకు గంట కట్టింది. మనుషుల కళ్లకే ఆననిది కంప్యూటర్‌కేం ఆనుతుంది?

"ఇన్నేళ్లు ఎక్కావు. ఇవాళేంటమ్మా భయం?" అన్నాడు బాబాయి.

నిన్న సాయంత్రం క్రేను మెడ దగ్గరి పన్నెండు బోల్టులూ తనిఖీ చేయాల్సింది ఆమే. గాలి ఎక్కువైంది. పదకొండు చూసి, ఆఖరిదాని కోసం అంచు దాకా పాకలేక దిగొచ్చేసింది. కాగితం మీద మాత్రం పన్నెండింటికీ టిక్కు పెట్టింది. ఇప్పుడు నోరు విప్పితే ఉద్యోగం ఊడుతుంది. విప్పకపోతే పైన ఆ బోల్టు ఎలా ఉందో ఎవరికీ తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మేస్త్రీ తలుపులోంచి తొంగిచూసి, ఇది ఇప్పట్లో తేలేలా లేదు, ఆమె తమ్ముణ్ని ఎక్కించండన్నాడు. తమ్ముడూ క్రేను నడిపేవాడే, పొద్దున్నే పచ్చ గుర్తు తెచ్చుకుని కూర్చున్నాడు.

"వెళ్లొస్తానక్కా," అన్నాడు ఖాళీగా కనబడుతున్న కుర్చీ వైపు చూసి.

కిటికీ అవతల ఇనుప నిచ్చెన మీద బూట్ల చప్పుడు మొదలైంది. ఒక మెట్టు, రెండు, మూడు.

"వాణ్ని దిగమనండి. పన్నెండో బోల్టు నేను చూడలేదు. చూడకుండానే టిక్కు పెట్టాను."

కంప్యూటర్ టింగుమంది. హెడ్‌సెట్ కనబడింది. దాని కింద తడిసిన చెంపలు కూడా కనబడ్డాయి.

తాళ్లు కట్టుకుని పైకెళ్లిన వాళ్లు చెయ్యి వేయగానే ఆ బోల్టు ఊడి వచ్చింది. మేస్త్రీ దాన్ని బల్ల మీద పెట్టాడు. తమ్ముడు దాన్ని ముట్టుకోలేదు. చిన్నక్క ఉద్యోగం పోలేదు గానీ పదిహేను రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు.

పదహారో రోజు సాయంత్రం తనిఖీ మళ్లీ ఆమెదే. గాలి ఉంది. నిచ్చెన సగంలోనే ఆమె కనబడకుండా పోయింది. కింద తమ్ముడు చెవి ఒగ్గి నిలబడ్డాడు. ఆమె నడుముకు కట్టుకున్న చిన్నప్పటి గంట పైదాకా వెళ్లింది, ఒక్కో బోల్టు దగ్గరా ఆగుతూ కదిలింది. పదకొండోదాని దగ్గర చాలాసేపు ఆగిపోయింది.

ఆ తర్వాత మళ్లీ మోగింది, అంచు వైపు.