ఓడిన ఆట లేని పుస్తకం

నేను ఒక ప్రూఫు ప్రతిని. పుస్తకం అచ్చుకి వెళ్లేముందు తప్పులు దిద్దుకోమని ఒక్కటంటే ఒక్కటి తీసి ఇస్తారే, అదన్నమాట. కాకినాడ జగన్నాయకపురంలో సత్తిబాబు ప్రెస్సులో పుట్టాను. కాగితానికి ఒక పక్కే అచ్చు, రెండో పక్క తెలుపు. ఎడమవైపు మూడు పిన్నులు. అట్ట కూడా లేదు గానీ పేరు మాత్రం గంభీరంగా పెట్టారు: ‘పోకర్ పోటీల్లో గెలుపు’.

నన్ను రాసినాయన పేర్రాజు మాస్టారు. ముప్పయ్యేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మూడో పేజీలో ఒకే ఒక్క మాట ఉంటుంది: ‘నా సీతారత్నానికి’. అది ఆయన భార్య పేరు. ఆవిడ పోయి పద్నాలుగు నెలలు. “ఆ పేక గొడవంతా నా చెవిలో పొయ్యకపోతే కాయితం మీద పెట్టకూడదూ?” అని ఆవిడే అంటూండేవారట. ఆ మాట పట్టుకునే ఆయన నన్ను రాశారు. నాలుగో పేజీ ఖాళీ. పైన ‘ముందుమాట’ అని మాత్రం ఉంది. అది ఎస్తేరు గారు రాయాలి. ఆవిడ బాగుందంటేనే అచ్చు, లేకపోతే బీరువాలో పడేస్తానని మాస్టారు సత్తిబాబుతో తేల్చి చెప్పేశారు.

ఎస్తేరు గారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఊళ్లో అందరికీ ఇప్పటికీ సిస్టరుగారే. మాస్టారి క్లబ్బులో ఏటా పోకర్ పోటీ పెడతారు. డబ్బుండదు. అందరికీ సమానంగా ప్లాస్టిక్ బిళ్ళలు పంచుతారు. బిళ్ళలు అయిపోయినవాళ్లు లేచి కాఫీ తాగాలి, చివరిదాకా కూర్చున్నవాళ్లకి కప్పు. ఆ కప్పు నాలుగేళ్లుగా సిస్టరుగారింట్లోనే ఉంది. క్లబ్బు బీరువాలో ఏ పేకాట పుస్తకం ఉండాలో, ఏది పోవాలో తేల్చేదీ ఆవిడే.

నన్ను వారం రోజులు ఉంచుకున్నారు. పుస్తకాలని ఆవిడ చూసే పద్ధతి నాకు అప్పుడు తెలిసింది. మొదటి పేజీ చదవరు. మధ్యలో తెరిచి, ‘నీ దగ్గర ఎన్ని బిళ్ళలు మిగిలాయి?’ అని పుస్తకం అడుగుతోందా లేదా చూస్తారు. అడక్కుండా ఇలా ఆడు, అలా ఆడు అంటే, జ్వరం ఎంతో చూడకుండా మాత్ర ఇచ్చినట్టే ఆవిడకి. నా పక్కన బల్ల మీద తళతళలాడే అట్టతో ఒక దొరగారి పుస్తకం ఉండేది. పోయిన బిళ్ళలు మళ్లీ కొనుక్కోగలిగే ఆటల కోసం రాసింది. దాని మీద ఆవిడ పెన్సిలుతో, ‘మంచిదే, మన పోటీకి పనికిరాదు’ అని రాశారు. పెన్నుతో రాయరు. చెరుపుకునే వీలుండాలి కదా అంటారు. అలాంటి చేతుల్లో పడ్డందుకు నాకు ధైర్యంగా ఉండేది.

ఎనిమిదో రోజు సాయంత్రం క్లబ్బు వరండాలో నన్ను మాస్టారి ముందు పెట్టారు.

“మాస్టారూ, ఇందులో మీరు ఎన్నిసార్లు ఓడిపోయారండీ?”

“ఇందులోనా? ఓడిపోలేదే!”

“అదే చెప్తున్నాను. ముప్పై ఎనిమిది ఆటలు రాశారు. ముప్పై ఎనిమిదీ మీరే గెలిచారు. మరి కప్పు మా ఇంట్లో ఎందుకుందండీ?”

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“గెలిచినవి మాత్రమే చెప్పే పుస్తకాన్ని నేను బీరువాలో ఉంచను. ఎవరిదైనా సరే. రాణీ, తొమ్మిదీ పట్టుకుని నా మీదికొచ్చారే, ఆ ఆట ఏదీ? పరువు పోతుందనుకున్నారా?”

ఆ ఆట సంగతి నాకు అప్పుడే తెలిసింది. మూడేళ్ల కిందట పోటీలో ఇక అయిదుగురే మిగిలారు. ఎస్తేరు గారు తన బిళ్ళలన్నీ ముందుకు తోశారు. మాస్టారు అప్పటికి ఆ ఆటలో ఒక్క బిళ్ళ కూడా పెట్టలేదు. ముక్కలు దించేసి తప్పుకుంటే పోయేదేమీ లేదు. అయినా ఉన్నవన్నీ తోసేశారు. ఆవిడ దగ్గర రాజుల జత ఉంది. మాస్టారు లేచి కాఫీకి వెళ్లారు.

“పరువు కాదండీ సిస్టరుగారూ,” అన్నారు మాస్టారు. “ఆ రోజు మా ఆవిడ ఈ వరండాలోనే కూర్చుంది. కాఫీ చేతికిస్తూ, ఎందుకు డ్రాప్ చెయ్యలేదూ అంది. డ్రాప్ చేస్తే ఇరవై పాయింట్లు పోతాయి కదే అన్నాను.”

“రమ్మీలో పోతాయి.”

“అదే అంది! ‘ఇది రమ్మీ కాదుగదండీ!’ అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. కాఫీ అంతా పంచె మీద పోసుకున్నాను. ఆ ఆట రాయాలంటే ఆ నవ్వు రాయాలి. మూడుసార్లు కూర్చున్నానండీ. నవ్వు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కదలదు.”

ఎస్తేరు గారు ఓదార్చలేదు. నన్ను బోర్లా తిప్పి, వెనక తెల్లటి పక్క ఆయన ముందుంచి, పెన్సిలు చేతిలో పెట్టారు. “ఆవిడ ఏమందో అంతే రాయండి. మీరేం కలపొద్దు. నేను కాఫీ చెప్పొస్తాను,” అన్నారు.

వంటగది పది అడుగుల దూరం. ఆవిడ ముప్పావుగంటకి వచ్చారు. కాఫీ చల్లారిపోయింది.

మాస్టారు రాసింది పైకి చదివారు. రమ్మీలో పెరిగిన మనకి ముక్కలు దించెయ్యడమంటే దెబ్బ తగిలినట్టుంటుందనీ, ఈ ఆటలో బిళ్ళ పెట్టకముందే దించితే ఆ దెబ్బ లేదనీ, అది తనకి తన భార్య చెప్పిందనీ. ‘ఇక్కడ ఆవిడ నవ్వింది’ అన్న వాక్యం రెండుసార్లు చదివారు.

“నా దగ్గరున్న పదకొండు పుస్తకాల్లోనూ ఈ ముక్క లేదు మాస్టారూ,” అన్నారు ఎస్తేరు గారు. “పాపం, వాళ్లెవరూ పెళ్లి విడిదిలో రమ్మీ ఆడి వచ్చినవాళ్లు కాదు.” అని పెన్సిలు తీసుకుని నాలుగో పేజీలో రాశారు: ‘ఇది ఓడిపోయిన మనిషి రాసిన పుస్తకం. నమ్మొచ్చు. సీతారత్నం గారి ప్రశ్న ముందు చదవండి.’

మర్నాడు ప్రెస్సులో సత్తిబాబు తల గోక్కున్నాడు. “మాస్టారూ, పేకాట పుస్తకంలో అమ్మగారు నవ్వడం ఎందుకండీ? ఆ లైను తీసేస్తే పేజీ సరిగ్గా సరిపోద్ది.”

“ఇంకో పేజీ వేసుకోవోయ్ సత్తిబాబూ. ఆ లైను ఉండాలి.”

నా పని అయిపోయింది. పిన్నులు ఊడదీసి నన్ను కత్తిరింపుల కుప్పలో వేశారు. మెత్తగానే ఉంది. మనుషులు తమ ఓటములు దాచుకుంటారని విన్నాను. కొందరు వాటి వెనక ఇంకేదో దాచుకుంటారని మాత్రం నా వీపు మీద రాసినప్పుడే తెలిసింది.

అవతల మిషను నడుస్తోంది. మూడు వందల ప్రతులు. ఆ పేజీ వంతు వచ్చింది. ఒక్కో కాగితం జారి పడుతున్నప్పుడల్లా సీతారత్నం గారు ఒకసారి నవ్వుతున్నారు. అక్కడ తనకేమీ పని లేకపోయినా మాస్టారు స్టూలు లాక్కుని మిషను పక్కనే కూర్చున్నారు.