సాలీడుకు కాపలా

బూజుకర్ర ఎత్తి తరగతి గది మూలకు గురిపెట్టాడు బూజుకర్ర. ఒకటి కర్ర, ఒకటి మనిషి. బడి అటెండరుకు పిల్లలు ఆ పేరు పెట్టి ఎంతకాలమైందో, అసలు పేరు ఆయనే మరిచిపోయాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు. తల మీద చీపురులా నిలబడిన తెల్లజుట్టు. వరండాలో ఆయన దగ్గితే చాలు, బల్లులు తోకలు అక్కడే పెట్టి రాజీనామా చేసిపోయేవి. అబద్ధమైతే ఆ తోకలనే అడగండి.

"తాతా, ఆగాగు! అది మా పాఠం!" కొత్త టీచరమ్మ పరుగెత్తుకొచ్చింది.

కర్ర గాల్లోనే ఆగింది. "బూజు పాఠమేంటమ్మా?"

"ఇవాళ్టి నుంచి ప్రకృతి చరిత్ర అని కొత్త సబ్జెక్టు. ఆ సాలీడుతోనే మొదలు."

"చరిత్రంటే పోయినోళ్ల గురించి కదమ్మా? ఇది నిక్షేపంలా ఉందిగా!"

టీచరమ్మ పకపకా నవ్వింది. ఆయనకు మాత్రం నెత్తిన పిడుగు పడ్డట్టయింది. నేరుగా హెడ్మాస్టరు గదికి నడిచాడు.

"బూజు దులపొద్దంటే ఇంక ఈ బడికి నేనెందుకు సార్?"

హెడ్మాస్టరు తల గోక్కున్నారు. "పిల్లలు దాన్ని కెలక్కుండా చూడు. నువ్వే కాపలా."

దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది.

మధ్యాహ్నం క్యారియర్ తెచ్చిన భార్య సంగతి విని నోరు వెళ్లబెట్టింది. "మనింట్లో బూజు దులపమంటే ఏనాడైనా విన్నావా? మీ టీచరమ్మని మనింటికే రమ్మను, ఏకంగా కాలేజీ పెట్టుకోవచ్చు!"

"నవ్వకే. చెయ్యి ఊరుకోనంటోంది," అంటూ ఆయన ఎడమ భుజం రుద్దుకున్నాడు.

చివరి పీరియడ్‌లో గది మూల స్టూలు మీద, మోకాళ్ల మధ్య కర్ర నిలబెట్టుకుని కూర్చున్నాడు. ఓ పిల్ల వేలు చాచబోతే, "ఏయ్, చరిత్ర చెరిగిపోద్ది!" అని గదిమాడు. అందరూ నవ్వారు. సాలీడు దారం పట్టుకుని జారింది, మళ్లీ పైకి పాకింది. జన్మంతా గూళ్లు చెరిపినవాడు, గూడు అల్లడం చూడటం అదే మొదలు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

పాఠం అయిపోయింది. ఇంటిగంట మాత్రం మోగలేదు. పిల్లలు సంచులు తగిలించుకుని ఎదురుచూశారు. గంట కొట్టవలసినవాడు స్టూలు మీదే ఉన్నాడు.

"తాతా, గంట..." అంటూ టీచరమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. చల్లగా తగిలింది. ఓ పిల్లను హెడ్మాస్టరు గదికి పరుగెత్తించింది.

పరుగున వచ్చిన హెడ్మాస్టరు, బిగిసిన ఆ వేళ్ల మధ్య నుంచి కర్రను తీయబోయి, నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

బూజుకర్ర కొస నుంచి గోడదాకా, సాయంత్రపుటెండలో మెరుస్తూ, ఒక సాలెదారం.