అమ్మ కలిపిన క్రీము

లోమే నగరం పెద్ద బజారులో బట్టల వరస దాటితే, మొహం నున్నబడే క్రీములు కలిపి అమ్మే ఆడవాళ్ళు కూర్చుంటారు. అబ్లావి అక్కడ పద్దెనిమిదేళ్ళుగా ఉంటోంది. ముందు తెల్లటి క్రీము గిన్నె, పక్కన మందు ట్యూబులు, చేతిలో చెక్క గరిటె. ఎవరికి ఎన్ని ట్యూబులు పిండాలో మొహం చూసి చెప్పేది. అది ఏం మందో ఆమె ఎవరినీ అడగలేదు. పదిమంది రాసుకునేది చెడ్డదెలా అవుతుందని మనమంతా అనుకోమూ, ఆమె కూడా అలాగే అనుకుంది.

కూతురు సెనామికి పద్నాలుగో ఏట మొటిమలు వచ్చాయి. అబ్లావి తన చేత్తోనే కలిపి రాసింది. వారంలో మొహం నున్నబడింది. ఆ తరువాత బడి వదిలాక ఆ పిల్ల వచ్చి అంగట్లో కూర్చుంటే చాలు, బేరం దానంతట అదే జరిగేది. "ఈ పిల్లకు రాసిందే నాకూ కలుపు" అనేవారు.

రెండేళ్ళకు చీము పొక్కులు గుంపులుగా లేచాయి. బుగ్గల మీద చర్మం పలచబడి, ఎండ తగిలితే మండేది. అబ్లావి ఒక ట్యూబుకు బదులు రెండు పిండింది. ఒళ్ళు తోముకునే గరుకు వల పీచుతో గట్టిగా రుద్ది స్నానం చేయించింది. పొక్కులు ఇంకా పెరిగాయి.

"ఏం అబ్లావక్కా, ఇంట్లో మొహమే బాగుచేసుకోలేవు, మా మొహాలేం చేస్తావు?" అంది ఎండుచేపలమ్మే దేదె.

"ముందు నీ చేపల మీద ఈగలు తోలుకోవే."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సెనామి తలగుడ్డను కనుబొమల దాకా లాక్కుంది. మర్నాడు బడికి వెళ్ళనంది. ఆ వారమంతా వెళ్ళలేదు. అప్పుడు తల్లి ఆమెను చర్మవ్యాధుల డాక్టరు అజావోన్ దగ్గరకు తీసుకెళ్ళింది.

"ఇవి ఇప్పుడు వయసు వల్ల వచ్చిన మొటిమలు కావమ్మా, మీ మందు తెచ్చినవి" అంది ఆ పెద్దావిడ. "ఇవాళే ఆపెయ్యండి. ఆపితే ముందు ఇంకా ఎక్కువవుతుంది. నెలలు పడుతుంది. రుద్దొద్దు, గిల్లొద్దు. మెత్తటి సబ్బు, రాత్రి ఈ జెల్లు, తేమకి ఈ తెల్ల డబ్బాలో క్రీము. అంతే."

"ఎంత ఎక్కువవుతుంది డాక్టర్?" అనడిగింది సెనామి.

"అద్దం చూసుకోబుద్ధి కాదు. మానే ముందు అలాగే ఉంటుంది, భయపడకు."

మందు ఆపిన మూడో వారానికి కళ్ళు సగం మూసుకుపోయేంత వాపు వచ్చింది. పొద్దున్నే దిండు గుడ్డ బుగ్గకు అంటుకుపోయేది. సెనామి దాన్ని తడిపి, మెల్లగా విడదీసుకునేది. ఏడ్చేది కాదు. "మానే ముందు ఇంతేగా" అనేది.

అబ్లావి గంజి గిన్నె తెచ్చిపెట్టి, గోడ వైపు చూస్తూ "తాగు" అంది.

"నా వంక చూసి మాట్లాడమ్మా."

"చూస్తూనే ఉన్నాగా."

చూడటం లేదు. ఆ మొహంలో ప్రతి పొక్కూ ఆమెనే వేలెత్తి చూపుతున్నట్టుండేది. ఆ వెనక పద్దెనిమిదేళ్ళుగా తాను క్రీము రాసి పంపిన మొహాలన్నీ కదిలేవి. బిడ్డ ఓర్చుకుంటోంది, ఓర్చుకోలేనిది తను. దానికి జాలి అని పేరు పెట్టుకుంది. మనసు తన భయానికి మంచి పేర్లే వెతుక్కుంటుంది. సెనామి స్నానానికి వెళ్ళినప్పుడు తెల్ల డబ్బా మూత తీసి, పాత ట్యూబు పిండి, వేలితో కలిపేసింది. ఆ క్షణాన ఆమె ప్రాణం ఎంతో తేలికపడింది.

ఐదు రోజుల్లో మొహం నున్నబడింది. సెనామి బడికి వెళ్ళింది. "ఓర్చుకున్నానత్తా, అంతే" అని దేదెకు గర్వంగా చెప్పింది. బడిలోనూ అదే చెప్పింది. అది విని ఇద్దరు స్నేహితురాళ్ళు కూడా తాము రాసుకునే ఇలాంటి క్రీములు మానేశారు. వాళ్ళ మొహాలు వాచాయి. "మూడు వారాలే, నన్ను చూడండి" అని సెనామి ధైర్యం చెప్పింది. మూడు వారాలు దాటాయి. వాళ్ళకు తగ్గలేదు.

మొహం నున్నబడిన నెలకు డాక్టరు సెనామి బుగ్గను వేలితో నొక్కి చూసింది.

"ఇంత త్వరగా తగ్గకూడదే. మళ్ళీ ఏమైనా రాశావా?"

"లేదు డాక్టర్, ఒట్టు. మా అమ్మనడగండి."

ఇద్దరూ అబ్లావి వైపు తిరిగారు. ఆమె దాచలేదు. కలిపిన రోజు, కలిపిన ట్యూబు, అంతా తల దించుకుని చెప్పింది.

సెనామి గొంతు పెంచలేదు. "నేను ఓర్చుకున్నాననుకున్నానే" అంది. "మళ్ళీ మొదటి నుంచా డాక్టర్?" అనడిగింది.

"మొదటి నుంచే తల్లీ. ఈసారి ఇంకాస్త ఎక్కువ రోజులు."

బయట బల్ల మీద ఆ పిల్ల తల్లికి ఒక మనిషంత ఎడంగా కూర్చుంది. "వాళ్ళిద్దరికీ ఏం చెప్పనమ్మా?" అంది. "రేపటి నుంచి అంగట్లో ఎవరికీ కలపనే" అంది అబ్లావి. సెనామి "సరే" అంది గాని, ఇటు తిరగలేదు. చూడమని అడిగిన మొహాన్ని ఇప్పుడు చూడాలనుకుంటే, ఒక పక్క చెంప తప్ప తల్లికి కనబడలేదు.

అమ్మలారా, అయ్యలారా, మొటిమలు లేచిన బిడ్డ మొహాన్ని ముందు తల తిప్పుకోకుండా చూడటం నేర్చుకోండి. మనం చూడలేకపోతున్నందుకు బిడ్డ మొహానికి మందు రాయకండి.