కళ్ళున్న కోపం

“ఆ అరుపులు నువ్వు అరవక్కర్లేదు. అర్థం చెబితే చాలు,” అన్నారు మా ఆయన, చొక్కా చేతులు మడుచుకుంటూ.

ఆదివారం ఉదయం ఫిల్మ్ సొసైటీలో వేయబోయే సినిమా గురించి ఆ మాట. దర్శకుడు జర్మన్. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. నేను భాషల బడిలో జర్మన్ చెబుతాను కాబట్టి, తెర పక్కన చిన్న దీపం పెట్టుకుని ఆ మాటల్ని మైకులో తెలుగులో చదివే పని నాకు పడింది. సొసైటీ కార్యదర్శి ఆయనే. సినిమాకు ముందు మాట్లాడేదీ, తరువాత ప్రశ్నలకు జవాబులు చెప్పేదీ ఆయనే. కరపత్రంలో నా పేరు లేదు. అడిగితే, “ఇంట్లో మనిషివే కదా, నీకు పేరెందుకు?” అన్నారు. నిజమే, ఫ్లాస్కుల్లో కాఫీ నింపుకొచ్చే మనిషికి కూడా కరపత్రంలో పేరు వేయరు. ఆ మనిషీ నేనే.

ఆ దర్శకుడంటే ఆయనకు వెర్రి. నాకూ ఇష్టమే. అసలు మమ్మల్ని కలిపింది ఆ ఇష్టమే; ఏదో సినిమాలో ఒక వాక్యానికి అర్థం అడగడానికి ఆయన మా బడికి వచ్చారు, ఆ తరువాత అర్థం తెలిసిన వాక్యాలు అడగడానికి కూడా రావడం మొదలుపెట్టారు. దర్శకుడు తిక్క మనిషి. ఎడారి మధ్యలో, సముద్రం జాడే లేని చోట, దీపస్తంభం కడతానని పట్టుబట్టిన ఒక పిచ్చివాడి కథ తీయాలనుకుని, తానే నిజంగా ఎడారిలో దీపస్తంభం కట్టించాడు. షూటింగులో ఎవరికీ కుర్చీ ఉండకూడదని, తాను కూడా ఇసుకలోనే కూర్చున్నాడు. ఒక్క మబ్బు తునక కోసం అందరినీ వారాల తరబడి ఆపేశాడు. ఇక ఆ హీరో. కట్టిన గోడ కూలిపోయాక అతను ఏడవడు, తల బాదుకోడు. రాయి మీద చెయ్యి ఆనించి కూర్చుంటాడు. ఆ చేతి మీద చీమలు పాకుతుంటాయి, విదిలించుకోడు. కెమెరా కదలదు. ఎన్నిసార్లు చూసినా అక్కడ నాకు ఊపిరి ఆడదు. ఇంత ఓర్పు ఈ మనిషి ఎక్కడ దాచుకున్నాడు అనిపిస్తుంది.

ఎందుకంటే కెమెరా ఆగితే అతను అగ్గి బరాటా. పళ్ళేలు గిరాటు వేసిన కథలు, డేరాలు చింపిన కథలు. మా సొసైటీలో వాటిని చెప్పుకుని మురిసిపోని వాళ్ళు లేరు.

మా ఇంట్లోనూ ఒక అగ్గి బరాటా ఉందని సొసైటీలో ఎవరికీ తెలియదు. “వాడికి ముక్కు మీద కోపమే గానీ, మనసు వెన్నమ్మా,” అని పెళ్ళైన కొత్తలో అత్తయ్య చెప్పింది. ఆ వెన్న కరిగి నేలంతా జిడ్డయితే తుడిచేదాన్ని నేనే. గ్లాసులు, కంచాలు, ఒకసారి నేను దిద్ది పెట్టుకున్న పరీక్ష పేపర్లు, ఏది చేతికందితే అది విసురుతారు. చొక్కా ఇస్త్రీ సరిగ్గా లేదని మొదలై మా పుట్టింటి పెంపకం దాకా వెళ్తుంది. “ఒక్క పని, ఒక్కటంటే ఒక్క పని సరిగ్గా చేయడం వచ్చా నీకు?” అంటారు. కాసేపటికి ఏమీ జరగనట్టు వచ్చి, “కాఫీ ఉందా?” అంటారు. నేను ముభావంగా ఉంటే, “కోపం వస్తే నాకు ఒళ్ళు తెలీదు, నీకు తెలుసుగా,” అంటారు. తెలుసు, నమ్మాను కూడా. తుపానును ఎవరైనా నిలదీస్తారా? తలుపులు వేసుకుంటారు. ఇన్నేళ్ళ కాపురంలో నేను నేర్చిన విద్య అదే. ఆయన చెప్పులు విప్పే చప్పుడును బట్టి ఆ పూట మబ్బో ఎండో చెప్పేయగలను.

సినిమా తరువాత, ఆ షూటింగు మీద తీసిన చిన్న డాక్యుమెంటరీ కూడా ఉంది. అది సాధన చేస్తుంటే అత్తయ్య తలుపు తోసుకుని వచ్చింది.

“ఎవరి మీదమ్మాయ్ ఆ కేకలు?”

“నావి కావత్తయ్యా, సినిమాలో అతనివి.”

“అలా అరిచేవాణ్ణి చూడ్డానికి టిక్కెట్టు కొంటారా జనం? మనింటికొస్తే ఊరికే చూపించేవాళ్ళం,” అని నవ్వి, అన్నందుకు తనే నాలుక కరుచుకుంది. ఆదివారం తానూ వస్తానంది.

హాలు నిండింది. దీపస్తంభం కథ ముగిసేసరికి వెనక వరుసల్లో ఎవరో ముక్కు చీదుతున్నారు. తరువాత డాక్యుమెంటరీ. కోటు గుండీ ఒకటి వదులుగా ఉందని హీరో, దుస్తులు చూసుకునే ఆవిడ మీద విరుచుకుపడతాడు. అతను నోరు తెరవగానే, అలవాటు ప్రకారం, హాలు నవ్వింది. మా ఆయన చెప్పినట్టే నేను మెల్లగా మొదలుపెట్టాను. కానీ ఆ మాటలు మెల్లగా చదివితే అబద్ధమయ్యేలా ఉన్నాయి. జర్మన్‌లో అతను అన్నది అచ్చంగా ఇదే: “ఒక్క పని, ఒక్కటంటే ఒక్క పని సరిగ్గా చేయడం వచ్చా నీకు? ఎవరి మొహం చూసి పెట్టుకున్నారు నిన్ను?” నా గొంతు లేచింది. అంత గొంతు నాకుందని నాకే తెలియదు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పరాయి భాషలో వేడుకగా ఉన్న అరుపు, తెలుగులో ఎవరింటి గోడల్లోంచో వినబడినట్టుంది.

దీపాలు వెలిగాయి. ముందు వరుసలో ఒక పెద్దాయన లేచి, “ఆ మనిషిని దర్శకుడు ఎలా భరించాడండీ?” అని అడిగారు.

మా ఆయన చిరునవ్వుతో మైకు అందుకున్నారు. “కోపానికి కళ్ళుండవండీ. ఆ గుడ్డి కోపంలోంచే ఆ నటన పుట్టింది. రెంటినీ విడదీయలేం.”

నా మైకు ఇంకా ఆపలేదు. “ఉన్నాయండీ,” అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. అయినా ప్రొజెక్టర్ దగ్గరున్నతన్ని ఆ ముక్క మళ్ళీ వేయమని అడిగాను. హీరో అరుస్తున్నాడు. అతను విసిరిన కప్పు ఆవిడ కాళ్ళ దగ్గర పగిలింది. ఆవిడ వంగి పెంకులు ఏరుతోంది. వెనక ఒక జీపు వచ్చి ఆగింది. దిగినవాడు నిర్మాత. హీరో తల తిప్పి చూశాడు. సగంలో ఉన్న కేక సగంలోనే ఆగింది. మొహమంతా నవ్వు పులుముకుని, చెయ్యి చాపి, “రండి, రండి, ప్రయాణం బాగా జరిగిందా?” అన్నాడు.

“నాకు ఈయన నటన ప్రాణం,” అన్నాను. “చీమల దృశ్యం చూసి ఇవాళ కూడా ఏడ్చాను. కానీ ఈ కప్పు ఏ నిర్మాత మీదా పడలేదండీ. ఎవరి మీద పడాలో దానికి బాగా తెలుసు.”

వెనక ఎక్కడో ఒక ఆడమనిషి పొట్టిగా నవ్వింది. మా ఆయన గడియారం చూసుకుని, వచ్చినవారందరికీ కృతజ్ఞతలు చెప్పారు. దారిపొడుగునా సొసైటీ సభ్యులతో నవ్వుతూనే మాట్లాడారు. వాళ్ళలో ఒకరు ఇంటి మలుపు దాకా వచ్చారు. అక్కడిదాకా నవ్వు ఉంది.

తలుపు వేయగానే పోయింది.

“నలుగురిలో నా పరువు తీస్తావా? మైకు ఇచ్చింది చదవమని, ఉపన్యాసం చెప్పమని కాదు! ఒళ్ళు మండిందంటే నేనేం చేస్తానో నాకే తెలీదు!” బల్ల మీద నీళ్ళ గ్లాసు ఉంది. చేతిలోకి తీసుకుని భుజం దాకా ఎత్తారు. నేను అలవాటుగా గోడవైపు జరగబోయి, జరగలేదు.

చెప్పులు విప్పుతూ గుమ్మంలోనే నిలబడిపోయిన అత్తయ్య అంది: “మీ నాన్నకీ ఇంతే కోపం రా. కానీ మా అన్నయ్యలు వచ్చి ఇంట్లో ఉన్నన్ని రోజులూ ఒక్కసారీ గొంతు లేవలేదు. ఎందుకో ఇన్నేళ్ళూ నాకు తట్టనేలేదు.”

ఆయన వాళ్ళమ్మను చూశారు. నన్ను చూశారు. ఎత్తిన చెయ్యి మెల్లగా దించి, నీళ్ళు ఒలకకుండా, గ్లాసును బల్ల మీద పెట్టారు.

నేను ఆ గ్లాసునే చూస్తూ నిలబడ్డాను. విసరకుండా ఉండడం ఆయనకు మొదటినుంచీ చేతనవునన్న మాట.