మాట తప్పింది నేనే

మా ఆయన పోయాక, ముసలితనంలో అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులు తప్పినా, కథ నత్తనడక నడిచినా మన్నించాలి.

నా కోడలు పెళ్లయ్యాక లా చదువులో చేరింది. ఆఖరి ఏడాది మేమిద్దరం ఒక మాట అనుకున్నాం. వంట, ఇల్లు నేను చూసుకోవాలి. రోజూ కాసేపు తను నాకు చదవడం నేర్పాలి. ఇక చూడండి, వీధిలో ప్రతి బోర్డు దగ్గరా ఆగిపోయేదాన్ని. కూరలవాడు "చదివింది చాల్లేమ్మా, ఏదైనా కొను" అనేవాడు.

పరీక్షలు దగ్గరపడ్డాక పెరట్లో జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాను. పరీక్షలయ్యేదాకా పిండికట్టు విప్పేది లేదన్నాడు డాక్టరు. మా అబ్బాయి బస్సు డ్రైవరు, ఇంటికొచ్చేది నిద్రకే. వంట కోడలి నెత్తిన పడింది.

"మాట తప్పానే తల్లీ," అన్నాను.

"తప్పలేదత్తయ్యా. మీ తప్పు లేకుండానే చెయ్యలేని పరిస్థితి వచ్చింది. అలాంటప్పుడు ఒప్పందం దానంతటదే రద్దయిపోతుంది. మీరు నాకేం బాకీ లేరు."

హమ్మయ్య అనుకున్నాను. అంతలోనే నా పాఠాలు గుర్తొచ్చాయి.

"మరి నువ్వు నాకు?"

"నేనూ అంతే. ఇద్దరికీ విడుదల."

నవ్వుతూనే అంది కానీ, పాఠం చెప్పే ఓపిక లేదని ఆ మొహమే చెబుతోంది. నేనేమో గుణింతాలు దాటి అప్పుడే వాక్యాల్లోకి దిగాను. ఇప్పుడు వదిలేస్తే మళ్లీ పట్టుకోలేను. ఈ వయసులో బుర్ర ఒట్టి జల్లెడ.

"కావాలని మాట తప్పితే ఏమవుతుంది?"

"అది ఉల్లంఘన. అప్పుడు నష్టపోయినవాళ్ల ఇష్టం. తెంచుకోవచ్చు, లేదా ఒప్పందం ఉంచుకుని పరిహారం అడగొచ్చు."

"అయితే నేను కావాలనే పడ్డాననుకో."

"ఎముక విరగ్గొట్టుకుని మరీనా?"

"అత్తనే! కోడల్ని సాధించడానికి ఎంతకైనా తెగిస్తాను."

పొట్ట పట్టుకుని నవ్వింది. గరిటె పక్కన పెట్టి, తన లావుపాటి తెలుగు లా పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"సరే, ఒప్పందం ఉంచుకుంటున్నా. పరిహారం ఏంటంటే, నేను వండుతుంటే మీరిది పైకి చదవాలి. మీకు పాఠం, నాకు పరీక్ష."

పీట వేసుకుని పొయ్యి పక్కనే కూర్చున్నాను. కూడబలుక్కుంటూ ఒక పదం దగ్గర చిక్కుకుంటే చాలు, తను మిగతా సెక్షనంతా గడగడా అప్పజెప్పేసేది.

"నన్ను చదవనియ్యవే! ఒప్పందం ఒప్పందమే," అని కసిరేదాన్ని.

ఇట్లు,
వకీలమ్మగారి అత్తగారు, వయసు డెబ్బై, కోడలి ఆఫీసు వెనక గదిలో ఉంటున్నది.