పిల్లను పంపని దేశానికి ఓటు లేదు

ప్రపంచాన్ని బాగుచేయడానికి మా నాయన శివశంకర్ రెడ్డి ఒక పుస్తకం రాశాడు. ప్లీడరీ మానేశాక కల్లూరులో కట్టుకున్న కొత్త ఇంట్లో, ఏసీ గదిలో కూర్చుని రాశాడు. ఇప్పుడున్న సమితులు, సమ్మేళనాలు ఎందుకూ కొరగావట. దేశాలన్నిటికీ కలిపి కొత్త ప్రభుత్వం ఒకటి రావాలట. అందులో చేరే ప్రతి పాలకుడూ తన పిల్లల్లో ఒకరిని శత్రుదేశపు పాలకుడి ఇంట్లో ఉంచాలి. పంపని దేశానికి ఓటు లేదు. కన్నబిడ్డ ఉన్న ఊరి మీద ఎవడు బాంబు వేస్తాడని ఆయన వాదన.

వినడానికి బాగానే ఉంటుంది. అలా పంపిన బిడ్డను నేనే కాకపోయుంటే నేనూ చప్పట్లు కొట్టేదాన్ని.

బద్వేలు దగ్గరున్న మా సొంతూరికీ, పక్కనే ఉన్న మా అత్తగారి ఊరికీ మధ్య ఒకప్పుడు కొట్లాటలు, కేసులు. రాజీ కుదిరినప్పుడు పూచీకత్తుగా నన్ను ఆ ఇంటికి కోడలిగా ఇచ్చారు. అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. నీకు ఇష్టమేనా అని మాటవరసకైనా ఎవరూ అడగలేదు. ఆ రాజీయే ప్రపంచానికి నమూనా అని పుస్తకంలో ఒక అధ్యాయం పెట్టాడు నాయన.

ఆవిష్కరణ సభ కర్నూలులో ఒక కల్యాణమండపంలో జరిగింది. నేను వేదికెక్కి నాలుగు మంచి మాటలు చెప్పాలి. ఆ వెంటనే నా కూతురు యామిని పెళ్లి ప్రకటించాలని ఏర్పాటు. బేతంచెర్లలో మా తమ్ముడు ఓబుళేశుకు నాపరాళ్ల గని హద్దు దగ్గర ఒక కుటుంబంతో గొడవ ఉంది. వాళ్ల అబ్బాయికి యామినిని ఇస్తే అది తీరిపోతుందట. మా ఆయన పోయాక మేమిద్దరం నాయన ఇంట్లోనే ఉంటున్నాం. అందుకని పిల్లను కూడా ఇంటి సామానులో జమకట్టారు. ఈ పెళ్లి నాకొద్దమ్మా అని యామిని ఏడుస్తూనే ఉంది.

నాయన మైకు ముందు నిలబడ్డాడు.

"ఆ ఇంట్లో మా నాగజ్యోతికి ఎంత మర్యాద జరిగిందో వినండప్పా. ఆమె ముద్ద తినేదాకా ఒక్కరు గూడా కంచం ముట్టేవాళ్లు కాదు. నిన్నటిదాకా శత్రువుల ఇల్లు అది."

హాలంతా చప్పట్లు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అనలేదు. నా వంతు రాగానే వెళ్లి మైకు అందుకున్నాను.

"నేను ముందు తినే మాట నిజమే. వంట చేసేది నేనే. శత్రువు కూతురు గదా, విషం కలిపింటాదేమోనని మా అత్త నాతో ముందు తినిపించేది. తిన్నంక అందరూ నా మొగమే చూస్తా కూచునేవాళ్లు. నాకేమీ కాలేదంటే అప్పుడు వడ్డించుకునేవాళ్లు. యామిని కడుపున పడినాక మాన్పించినారు. నా మీద నమ్మకమొచ్చి గాదు, లోపల ఉండేది వాళ్ల బిడ్డ గాబట్టి."

అందరూ నాయన వైపు తిరిగారు. ఆయనకు ఈ సంగతి తెలియదనే ఇన్నేళ్లూ నమ్మాను. తెలిస్తే తట్టుకోలేడని, చూడ్డానికి వచ్చినప్పుడల్లా నవ్వుతూ దాచాను.

"తెలుసులేమ్మా," అన్నాడు మెల్లగా. "మొదట్లోనే తెలిసింది. అయినా గొడవలు ఆగినాయి గదా."

ఛీ అనిపించింది. కన్నతండ్రి మీద అంత అసహ్యం పుడుతుందని ఎన్నడూ అనుకోలేదు. తెలియక చేసినవాణ్ని క్షమించవచ్చు. తెలిసి కూడా దాన్ని మర్యాద అని అచ్చువేయించి పంచిపెట్టేవాణ్ని ఏమనాలి?

"యామిని యాడికీ పోదు," అన్నాను. "గని ఓబుళేశుది. వానికీ కొడుకుండాడు. వాణ్ని పంపు నాయనా. వాళ్లింట్లో ఉంటాడు, వాళ్లు పెట్టింది తింటాడు. ఆడపిల్లనే పంపల్లని నీ పుస్తకంలో రాసినావా?"

ముందు వరసలో ఓబుళేశు పక్కనున్న కొడుకు భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాడు. నాయన వాళ్లిద్దరినీ చూశాడు.

"మన ఇంటికి వాడొక్కడే గదమ్మా," అన్నాడు, దేశాలకు కొత్త ప్రభుత్వం కనిపెట్టిన మా నాయన. "వాణ్ని ఎట్ల పంపేది?"