మావయ్యని అడగాల్సిన మాట

ఆ రోజు పొద్దున గణపతిరావుకు చెప్పులు పట్టలేదు. వరండాలో కూర్చుని పాదాన్ని లోపలికి తోయబోయి, ఆయాసం వచ్చి మానేశాడు. టీ తెచ్చిన కోడలు అరుణకుమారి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన పాదాలు ఉబ్బి మెరుస్తున్నాయి. కళ్ళ కింద కూడా వాపు కనిపిస్తోంది.

"కాళ్ళేటి మావయ్యగారూ, అలా వాచిపోయాయి?"

"ఎండలకమ్మా. టీ వొద్దు, కడుపులో తిప్పుతంది. తీసికెళిపో."

ఆయన టీ వద్దనడం ఆమె ఎప్పుడూ వినలేదు. హిందీ మాట్లాడే ఆ ఊళ్ళోని ఉక్కు ప్లాంటులో, రైలు పట్టాల మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి ఆయన. భార్య జోగమ్మ పోయాక సెక్టర్ 7లో కొడుకు యుగంధర్ క్వార్టర్‌లోనే ఉంటున్నాడు. కొన్నాళ్ళుగా ఆయన తీరు మారింది. నీళ్ళు తాగడం తగ్గించేశాడు. రాత్రుళ్ళు బాత్‌రూమ్ తలుపు పదే పదే చప్పుడయ్యేది. లోపలికి వెళ్తే ఎంతకీ వచ్చేవాడు కాదు. తన లుంగీలు తనే ఉతుక్కుంటున్నాడు. తనకి పని తగ్గిద్దామనుకుంటున్నాడేమో అనుకుంది అరుణ.

మధ్యాహ్నం షిఫ్టుకు బయల్దేరుతున్న యుగంధర్‌తో వాపు సంగతి చెప్పింది.

"ఎండ దెబ్బయి ఉంటాది. నీళ్ళు బాగా తాగించు. ఎల్లుండి నాకు ఆఫ్ కదా, ఆస్పత్రికి తీసికెళ్తాను" అని అతను స్కూటర్ ఎక్కాడు.

అరుణ బార్లీ నీళ్ళు కాచి, చల్లార్చి, నిమ్మరసం పిండి ఇచ్చింది. వద్దు వద్దంటూనే కోడలి మాట తీసేయలేక తాగాడు గణపతిరావు. కాసేపటికే ఎక్కిళ్ళు మొదలయ్యాయి. ఎంతకీ ఆగలేదు. తాగినదంతా కక్కేశాడు. గోడ పట్టుకుని బాత్‌రూమ్‌కి వెళ్ళి, చాలాసేపటికి వచ్చి మంచం మీద వాలిపోయాడు. లుంగీ ముందు భాగం తడిసి ఉంది. ఆమె చూసిందని గమనించి గోడవైపు తిరిగిపోయాడు.

అలా తిరిగినప్పుడు బనియను పైకి జరిగింది. ఒళ్ళంతా చిక్కిపోయింది గాని, బొడ్డు కింద మాత్రం పొట్ట బిగుసుకుని గుండ్రంగా పొంగి ఉంది. వారాల తరబడి ఈయన తన లుంగీలు ఎందుకు ఉతుక్కుంటున్నాడో అప్పుడు అరుణకు తట్టింది.

పెళ్ళయి వచ్చిన నాటినుంచి ఆమె ఆయన ఎదుట కుర్చీలో కూడా కూర్చోలేదు. అలాంటిది ఈ మాట ఎలా అడగడం?

"మావయ్యగారూ... ఒంటికి సరిగ్గా అవుతోందా?"

ఆయన చటుక్కున తల తిప్పాడు. "ఏటన్నావు? కోడలు మావగార్ని అడిగే మాటేనా అది? ఎల్లు అవతలికి!"

ఆమె వంటింట్లోకి వచ్చేసింది. భర్త వచ్చేవరకూ ఆగుదామా అనుకుంది. ఈలోగా మంచం మీంచి మాటలు వినిపించాయి.

"జోగీ, బాక్సు కట్టీసేవా? షిఫ్టుకి లేటైపోతంది."

అరుణ పరుగెత్తింది. గణపతిరావు లేచి కూర్చుని చొక్కా కోసం గాలిలో తడుముతున్నాడు.

"నేను అరుణని మావయ్యగారూ. అత్తయ్యగారు లేరు."

"మరి బాక్సెవలు కట్టారు?" అన్నాడాయన, ఆమెకేసి కొత్త మనిషిని చూసినట్టు చూస్తూ.

ఇక ఆమె ఆగలేదు. ఎదురు క్వార్టర్‌లోని హైమవతి తలుపు బాదింది. "పిన్నిగారూ, మావయ్యగారు నన్ను పోల్చుకోవట్లేదు. ఆటో కావాలి."

"యుగంధర్ని రానియ్యవా? మగాళ్ళు లేకుండా ఎలా తీసికెళ్తావే?"

"వచ్చేదాకా ఉండేలా లేరు. మీరు ప్లాంటు గేటుకి ఫోన్ చేయించి ఆయనకి కబురు చెప్పించండి, నేను వెళ్ళిపోతాను."

ఆటోలో వడగాలి మొహాన కొడుతుంటే ఆయన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. దారిలో ఆయనకు కాస్త తెలివి వచ్చినట్టయింది.

"సరిగ్గా అయి సానాళ్ళయింది తల్లీ" అన్నాడు మెల్లగా. "సుక్కలు సుక్కలుగా పడతంది, ఆపుకోలేను. పూర్తిగా మాత్రం పోదు. సిగ్గేసి ఎవలికీ సెప్పలేదు. ముసిల్తనం కదా, ఇలాగే ఉంటాదనుకున్నాను."

"అది నాకు వదిలెయ్యండి. నేను చెప్తాను డాక్టరుకి."

ఆస్పత్రి క్యాజువాలిటీలో డాక్టరు "పేషాబ్ ఠీక్ సే హోతా హై, బాబా?" అంటూ, మూత్రం సరిగ్గా అవుతోందా అని హిందీలో అడిగాడు. గణపతిరావు నేలచూపులు చూశాడు. చుట్టూ మనుషులున్నారు. అరుణ వాపులు, వాంతి, ఎక్కిళ్ళు, మతిలేని మాటలు, తడిసిన లుంగీ, అన్నీ హిందీలో చెప్పేసింది. డాక్టరు పొత్తికడుపు మీద చెయ్యి వేసి నొక్కాడు. గణపతిరావు కెవ్వుమన్నాడు. నర్సును కేకేసి తెర లాగించాడు డాక్టరు.

తెర బయట అరుణ గోడకు ఆనుకుని నిలబడింది. గొట్టంలోంచి దిగిన మూత్రంతో నిండిన సంచి పట్టుకుని నర్సు బయటికి వచ్చి, ఖాళీ చేసి మళ్ళీ లోపలికి వెళ్ళింది. మూలుగు తగ్గింది. ఆ తర్వాత అసలు వినబడకపోయేసరికి అరుణకి ఇంకా భయమేసింది.

సాయంత్రం రక్తం రిపోర్టు వచ్చేసరికి యుగంధర్ పని బట్టల్లోనే పరుగున చేరుకున్నాడు. డాక్టరు ఇద్దరినీ పక్కకి పిలిచి చెప్పాడు. వయసుతో ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం దారి మూసుకుపోయింది. చుక్కలుగా కారుతున్నది నిండిపోయిన మూత్రాశయంలోంచి పొర్లినదే. ఆ ఒత్తిడి వెనక్కి తన్ని కిడ్నీలు దెబ్బతిన్నాయి. రక్తంలో మలినాలు పేరుకుని మతి తప్పింది. పొటాషియం కూడా బాగా పెరిగింది. దానివల్ల గుండె ఏ క్షణాన్నైనా ఆగిపోవచ్చు.

"కిడ్నీలు కోలుకుంటాయా?" అని అడిగాడు యుగంధర్.

"ఇప్పుడే చెప్పలేం. రేపటిదాకా ఆగి ఉంటే మాత్రం మనిషి దక్కేవాడు కాదు."

యుగంధర్ బెంచీ మీద కూలబడ్డాడు. "ఎల్లుండి అన్నాను నేను" అని ఒక్క మాటే అన్నాడు. అరుణ పక్కన కూర్చుంది.

మర్నాడంతా ఆయన కలవరింతలతోనే గడిచింది. మానిటర్‌లో గీతలు గతి తప్పినప్పుడల్లా నర్సులు ఉరికేవారు. ఆ పై రోజు పొద్దున ఆయన కళ్ళు తెరిచి "అరుణమ్మా, కొంచెం టీ ఇస్తారేటో అడుగు" అన్నాడు. ఆమె ఏడుపు ఆపుకోలేక వరండాలోకి వెళ్ళిపోయింది.

కిడ్నీలు పూర్తిగా మునుపటిలా కాలేదు. కొంత కోలుకున్నాక గ్రంథికి ఆపరేషన్ చేశారు. ఉప్పు తగ్గించమన్నారు. తమను అడగకుండా నొప్పుల బిళ్ళలు వేసుకోవద్దనీ, రక్తపరీక్షకు తప్పకుండా రావాలనీ గట్టిగా చెప్పారు.

వానలు మొదలయ్యాక మొదటిసారి పరీక్షకు తీసుకెళ్ళింది అరుణే. డాక్టరు ప్రశ్నలు మొదలుపెట్టగానే ఆమె బయటికి వెళ్ళబోయింది.

"కూర్చో అమ్మా, పర్లేదు" అని ఆపాడు గణపతిరావు. తర్వాత డాక్టరు వైపు తిరిగి, తడుముకుంటూ, మొహం ఎర్రబడుతుండగా, ఒక్కొక్క సంగతీ తనే చెప్పడం మొదలుపెట్టాడు. అరుణ ఆయన పక్క కుర్చీలో కూర్చుని విన్నది.